దీపావళి బాంబు తర్వాత జున్నుగాడి వాకింగులు

దీపావళి వెళ్లిన దగ్గర్నుంచి కుక్కలున్న స్నేహితులందరిదీ ఒకటే ప్రశ్న. "మావాడు గేటు దాటనంటున్నాడు, మీ జున్నుకీ పోయినేడు ఇలాగే అయింది కదా, ఏం చేశారు?" అని. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పి చెప్పి గొంతు పోయింది. పైగా ఫోన్లో సగమే చెప్తాను, మిగతా సగం గుర్తొచ్చేసరికి అవతలివాళ్లు పెట్టేసి ఉంటారు. అందుకని ఇక్కడ రాసేస్తున్నా. పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు మావాడి సంగతి. జున్ను అచ్చమైన ఊరకుక్క. వైజాగ్ ఎంవీపీ కాలనీలో రైతుబజారు దగ్గర కూరగాయల బస్తాల మధ్య దొరికాడు. ఒళ్లంతా జున్ను రంగు, ఒక చెవి మాత్రం ఎప్పుడూ నిలబడదు. వాకింగంటే పడి చచ్చేవాడు. నేను చెప్పుల స్టాండు వైపు చూస్తే చాలు, తలుపు దగ్గర గిరగిరా తిరిగేసేవాడు. అలాంటివాడు 2024 దీపావళికి ముందురోజు సాయంత్రం, మా వెనక సందులో పిల్లలు లక్ష్మీ బాంబు మీద ఖాళీ పెయింటు డబ్బా బోర్లించి పేల్చినప్పుడు సరిగ్గా దాని పక్కన ఉన్నాడు. మేం మలుపు తిరగడం, అది పేలడం ఒకేసారి. డబ్బా ఎగిరి గోడకి కొట్టుకుంది. "సారీ ఆంటీ, చూసుకోలేదాంటీ" అన్నారు పిల్లలు పాపం, నిజంగానే చూసుకోలేదు. జున్ను మాత్రం కడుపు నేలకి ఆనించి, పాక్కుంటూ పరిగెడుతూ నన్ను ఇంటిదాకా ఈడ్చుకొచ్చాడు. లిఫ్ట్ ఎక్కలేదు. మెట్ల మీదుగా పైకొచ్చి మంచం కింద దూరినవాడు తెల్లారేదాకా బయటికి రాలేదు.

మర్నాడు అక్టోబర్ 31, దీపావళి. ఆ తర్వాత నవంబర్ 5న నాగులచవితి. మా ఉత్తరాంధ్ర వైపు సంగతి తెలిసిందే కదా, దీపావళికి కాల్చగా మిగిలినవి చవితికి కాలుస్తారు, మిగలకపోతే కొని మరీ కాలుస్తారు. అంటే మొదటి దెబ్బ నుంచి తేరుకోకముందే వారం పాటు రోజూ ఏదో ఒకటి పేలుతూనే ఉంది.

చవితి అయ్యాక వీధి మామూలైపోయింది. జున్నుకి కాలేదు. పట్టీ వేస్తే వేయించుకునేవాడు, లిఫ్ట్ దాకా వచ్చేవాడు, అక్కడ ఆగిపోయేవాడు. మా లిఫ్ట్ ముందు నల్ల గ్రానైట్ పరిచి ఉంటుంది. వాడు నిలబడి పక్కకి జరిగాక చూస్తే నాలుగు తడి పాదాల గుర్తులు. వాన లేదు, ఎవరూ తుడవలేదు. కుక్కలకి చెమట పట్టేది ముఖ్యంగా పాదాల అడుగునే, భయం వేస్తే అక్కడ తడి ఊరుతుంది. ఆ సంగతి అప్పటిదాకా నేను పుస్తకాల్లో చదివిందే తప్ప కళ్లతో చూడలేదు. తర్వాత చాలా రోజులు వాడు ఎలా ఉన్నాడో తెలుసుకోవడానికి వాడి మొహం కంటే ముందు నేను ఆ గ్రానైటే చూసేదాన్ని.

ఇంకో తమాషా ఏంటంటే, తమాషా అనకూడదు గానీ, భయం బాంబు దగ్గరే ఆగలేదు. కిరాణా కొట్టు షట్టర్ దించితే భయం. బైకు స్టాండు తీస్తే భయం. పై ఫ్లాట్ వాళ్ల కుక్కర్ కూతకి లేచి బాత్రూంలోకి పోయేవాడు. అంతకుముందు ఇవేవీ వాడికి లెక్కే లేదు. ఎక్కడి నుంచి వస్తుందో కనబడదు, ఎప్పుడు వస్తుందో తెలియదు, అలాంటి చప్పుడు ఒకసారి గట్టిగా తగిలాక ప్రతి చప్పుడునీ అనుమానించడం మొదలుపెడతాయి. వాటి వినికిడి కూడా మనలాంటిది కాదు. మనకి 20,000 హెర్ట్జ్ దాటితే ఏమీ వినబడదు, వాటికి దాదాపు 45,000 దాకా వినబడుతుంది. పైగా మన దేశంలో టపాకాయకి ఉన్న చట్టపు హద్దే, పేలిన చోటికి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్. డబ్బా కింద పెట్టి పేల్చినదానికి హద్దు ఎక్కడుంటుంది?

ఇక సలహాలు. మన దగ్గర కుక్క ఉంటే వీధంతా డాక్టర్లే. వాచ్‌మన్ బాబాయ్ రోజూ "ఏటమ్మా, ఈడింకా గేటు కాడే ఉండిపోనాడా?" అని వాణ్ని జాలిగా చూసేవాడు, ఆయనతో ఏ ఇబ్బందీ లేదు. మా అత్తయ్య ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి దిష్టి తీశారు. ఆ ఘాటుకి వాడు తుమ్మీ తుమ్మీ బాల్కనీలోకి వెళ్లిపోయాడు, నష్టమేం లేదు. అసలు గొడవ మూడో ఫ్లోర్ అంకుల్‌తో. "లాక్కెళ్లాలమ్మా, పదిసార్లు లాక్కెళ్తే పదకొండోసారి అదే నడుస్తుంది, నువ్వు ముద్దు చేస్తుంటే ఇంకా నెత్తికెక్కుతుంది." ఈ మాట ఆయనొక్కడే కాదు, కుక్కల్ని పెంచిన పాతతరం వాళ్లలో చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. చిన్న చప్పుడు, అది కూడా కుక్క తట్టుకోగలిగేంతది, మళ్లీ మళ్లీ వింటే అలవాటవుతుంది, నిజమే. కానీ అప్పటికే వణికిపోతున్న కుక్కని వణికిస్తున్న చోటికే లాక్కెళ్తే అలవాటయ్యేది రోడ్డు కాదు, పట్టీ కనబడగానే వణకడం. లాక్కెళ్లగా లాక్కెళ్లగా కొన్ని కుక్కలు నోరు మూసుకుని నడుస్తాయి, చూసేవాళ్లకి నయమైనట్టే ఉంటుంది. తోక చూడండి, రెండు కాళ్ల మధ్యే ఉంటుంది.

ముద్దు చేస్తే భయం పెరుగుతుందన్నది కూడా ఉత్త మాటే. కూర్చోమంటే కూర్చోవడం లాగా భయపడటం అనేది కుక్క ఏదో ఆశించి చేసే పని కాదు, బిస్కెట్ ఇస్తేనో వీపు నిమిరితేనో అది "ఓహో, భయపడితే లాభం ఉంది" అనుకుని ఇంకాస్త భయపడదు. వాడు దగ్గరికొస్తే దగ్గరికి తీసుకున్నాను. రాకపోతే మంచం కింద వాడి మానాన వాణ్ని వదిలేశాను. అంతే.

మొట్టమొదట చేసిన పని వాకింగులు పూర్తిగా ఆపేయడం. వింటే విడ్డూరంగా ఉంటుంది, వాకింగ్ బాగుచెయ్యడానికి వాకింగ్ మానేయడమేంటి అని మా ఆయనే అన్నారు. అంత భయం వేశాక కుక్క గంటలో మామూలైపోదు, ఒక్కోసారి రోజులు పడుతుంది. అది తేరుకోకముందే షట్టర్ చప్పుడు, దాని మీద హారన్, దాని మీద ఇంకోటి, ఇలా పేరుకుంటూ పోతే విడిగా అయితే పట్టించుకోని చిన్న చప్పుడుకి కూడా బెంబేలెత్తిపోతుంది. అందుకని కొన్నాళ్లు పొద్దున, రాత్రి టెర్రస్ మీద పాత కుండీలు ఒలకబోసిన మట్టి ఒక ట్రేలో పెట్టి అక్కడే కానిచ్చేవాడు. ఇంట్లో పాత టవల్ చుట్టలు చుట్టి మధ్యలో తిండి దాచి వెతికించేదాన్ని. ముక్కుతో వెతికే పని కుక్కని భలే కుదుటపరుస్తుంది, కాళ్లతో నడిచేదానికంటే ముక్కుతో నడిచేదానికే అది ఎక్కువ అలసిపోతుంది.

ఈలోగా డాక్టరు గారికి చూపించాం. ఇది మాత్రం ఎవరూ మానకండి. భయానికి డాక్టరెందుకు అంటారు. 2018లో ఇంగ్లండ్‌లోని లింకన్ యూనివర్సిటీ వాళ్లు భాగం పంచుకున్న ఒక పరిశోధన ఉంది, చప్పుళ్లకి భయపడే కుక్కల్లో కీళ్లు, కండరాల నొప్పి ఉన్నవాటినీ లేనివాటినీ పక్కపక్కన పెట్టి చూశారు. నొప్పి ఉన్నవాటికి భయం బాగా పెద్ద వయసులో మొదలైందిట, చప్పుడు విన్న చోటుని, ఇతర కుక్కల్ని తప్పించుకు తిరగడం కూడా వాటిలో ఎక్కువట. ఉలిక్కిపడితే కండరాలు బిగుస్తాయి, ఎక్కడైనా నొప్పి ఉంటే అక్కడ కలుక్కుమంటుంది, దాంతో చప్పుడుకీ నొప్పికీ ముడిపడిపోతుంది. అందుకే ఆరేడేళ్లు నిక్షేపంగా తిరిగిన కుక్క ఉన్నట్టుండి చప్పుళ్లకి భయపడుతోందంటే ముందు తుంట్లు, మోకాళ్లు, చెవులు చూపించండి. జున్నుకి నొప్పులేమీ లేవని తేలింది.

ఇక సామాను. మెడ పట్టీకి తాడు కట్టి తిప్పడం ఆపేశాం. భయపడ్డ కుక్క వెనక్కి గింజుకుంటే మెడ పట్టీ తల మీదుగా జారి వచ్చేస్తుంది. దీపావళి వారంలో వాట్సాప్ గ్రూపుల నిండా "మా కుక్క తప్పిపోయింది" ఫొటోలు అలాంటివే చాలావరకు. ఛాతీ మీద వై ఆకారంలో వచ్చే హార్నెస్ తీసుకున్నాం, భుజాలు ఆడటానికి అడ్డం రానిది. మెడ పట్టీకి నా ఫోన్ నంబరున్న బిళ్ల ఉంచి, హార్నెస్‌కీ మెడ పట్టీకీ కలిపి రెండు కొక్కేల తాడు వేశాం, ఒకటి జారినా రెండోది పట్టుకుంటుంది. హార్డ్‌వేర్ షాపులో మెత్తటి కాటన్ తాడు ఐదు మీటర్లు కొని, కొక్కెం వేయించి, ఖాళీ స్థలాలకి వెళ్లినప్పుడు అది వాడాం. పొడుగు తాడు ఎప్పుడూ హార్నెస్‌కే, మెడకి కాదు.

నాగులచవితి సందడి పూర్తిగా సద్దుమణిగాక మళ్లీ గేటు దగ్గర మొదలుపెట్టాం. పొద్దున అయిదు కాకముందే, పాలబండి కూడా రాకముందు. పార్కింగ్ ర్యాంపు మీద ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని, పక్కన స్టీలు డబ్బాలో ఉప్పు లేకుండా ఉడికించిన కోడి కార్జం ముక్కలు, చిటికెన వేలి గోరంత. కార్జం రోజూ ఎక్కువ పెట్టకూడదన్నారు డాక్టరు గారు, అందుకని ఒకరోజు అది, ఒకరోజు చికెన్, ఒకరోజు ఉడికిన గుడ్డు. అంతే, కూర్చోవడమే. గేటు తీసి ఉంటుంది. వాడు ముందుకి వెళ్తే తాడు వదులుతాను, వెనక్కి తిరిగితే నేనూ లేస్తాను, ఇంటికి వెళ్లిపోతాం. "రారా, ఏం కాదు రా, ఒక్క అడుగు రా" అని బతిమాలడం లేదు. వెనక్కి వెళ్లే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుందని వాడికి తెలిశాకే ముందుకి అడుగు పడింది, ఇది నేను కళ్లారా చూశాను. మొదట్లో ముందుకాళ్లు రెండూ ర్యాంపు అంచు దాకా పెట్టి, వెనక కాళ్లు మాత్రం లోపలే ఉంచి, ఒళ్లంతా సాగదీసి రోడ్డుని వాసన చూసేవాడు. ఎంత పొడుగయ్యేవాడంటే నాకు నవ్వాగేది కాదు. తర్వాత ఒకరోజు వెనక కాళ్లు కూడా వచ్చాయి.

తిండి విషయంలో రెండు సంగతులు సరిగ్గా చేస్తే సగం పని అయినట్టే. మొదటిది వరస. చప్పుడు ముందు, ముక్క తర్వాత. ఎక్కడో దూరంగా షట్టర్ లేచింది, వాడి చెవి కదిలింది, వెంటనే ముక్క. కూర్చోమనడం, చెయ్యి ఇమ్మనడం ఏమీ లేదు, వాడు మొరిగినా సరే, వెనక్కి జరిగినా సరే, చప్పుడయితే ముక్క రావాల్సిందే. ముక్క ముందు ఇచ్చి తర్వాత చప్పుడయ్యిందనుకోండి, కొన్నాళ్లకి డబ్బా మూత తీస్తేనే వాడికి గుండె జారుతుంది, ఏదో రాబోతోందని. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ యూనివర్సిటీలో పనిచేసిన స్టెఫానీ రీమర్ అనే ఆవిడ 2020లో వెయ్యి మందికి పైగా కుక్కల యజమానుల్ని అడిగి రాసిన పేపర్ ఒకటుంది. టపాకాయ పేలిన వెంటనే తిండో ఆటో ఇస్తూ వచ్చినవాళ్లలో 70 శాతానికి పైగా అది పనిచేసిందన్నారు. చప్పుళ్ల రికార్డింగులు వినిపించి అలవాటు చేసినవాళ్లలో సగానికి కాస్త ఎక్కువమందే అలా అన్నారు. యజమానులు చెప్పిన మాటలే కాబట్టి వేదవాక్కు కాదు గానీ, చికెన్ ముక్కంత చవకైన మందు ఇంకోటి లేదని నాకు ధైర్యం ఇచ్చింది ఆ పేపరే.

రెండోది, తిండిని గాలంగా వాడకూడదు. వాడు భయపడే మలుపు దగ్గర ముక్కు ముందు కార్జం ఊపుతూ ఊపుతూ దాటించేయడం చాలా తేలిక, ఆకలి మీద వచ్చేస్తాడు కూడా. నాలుగడుగులు వేశాక తల ఎత్తి, తను ఎక్కడున్నాడో చూసుకుంటాడు చూడండి, అప్పుడు మనమీద ఉన్న నమ్మకం కూడా పోతుంది. నాకు ముక్కలు ఇంకోలా పనికొచ్చాయి. భయం హద్దు దాటితే వాడు ముక్క నోట్లోకి తీసుకుని, నమలకుండా, కింద వదిలేసేవాడు, పడిపోయిందన్న సంగతి కూడా తెలియనట్టు ఎటో చూస్తూ. ముక్క కింద పడిందంటే ఇంక ఆ రోజుకి ఇంటికే. దానికంటే ముందొచ్చే గుర్తులు కూడా నెమ్మదిగా తెలిశాయి. నిద్ర రాకుండానే ఆవలింత, ఏమీ తినకుండానే మూతి నాక్కోవడం, ఎండ లేకుండానే రొప్పు, కంటి తెల్లగుడ్డు ఓరగా కనబడటం. ఆవలింత దగ్గరే వెనక్కి తిరిగితే ముక్క కింద పడేదాకా పోదు.

రికార్డింగులు మేమూ పెట్టి చూశాం. ఫోన్లో టపాకాయల చప్పుడు, మనకే వినబడీ వినబడనంత సన్నగా, వాడు అన్నం తింటున్నప్పుడు. చాలా నెమ్మదిగా పెంచుకుంటూ పోవాలి. చెడ్డదేం కాదు గానీ ఫోన్ స్పీకరు ఎంత పెంచినా నేల అదరదు, కిటికీ అద్దం కదలదు. అసలు బాంబుకీ దానికీ తేడా మావాడికి బాగా తెలుసు. దాని మీదే ఆధారపడొద్దు.

అన్నిటికంటే కలిసొచ్చింది ఊరు మార్చడం, అదే, వీధి మార్చడం. వాడు భయపడింది మా వీధిలోనే, మళ్లీ ధైర్యం తెచ్చుకోవడం కూడా ఆ వీధిలోనే మొదలుపెట్టాలని రూలేం లేదు కదా. చీకటితో యాక్టివా ముందు ఫుట్‌బోర్డు మీద వాణ్ని నిలబెట్టుకుని లాసన్స్ బే వైపు బీచ్‌కి వెళ్లేవాళ్లం. బండి మీద వాడికెప్పుడూ భయం లేదు, గాలికి నిలబడని చెవి కూడా నిలబడుతుంది. అక్కడ కెరటాల హోరు ఆగకుండా ఉంటుంది, దాని కింద చిన్నాచితకా చప్పుళ్లు అణిగిపోతాయి, హఠాత్తుగా వచ్చేవి తక్కువ. ఐదు మీటర్ల తాడు వదిలేసి నేను ఒక చోట నిలబడిపోతే ఎండ్రకాయ బొరియలన్నీ లెక్కపెట్టుకుంటూ తిరిగేవాడు. ఎంత దూరం నడిచామని చూసుకోలేదు. ఒక్కో పొద్దున పడవ చుట్టూ వాసన చూడటంతోనే సరిపోయేది. తోక ముందు సగం దాకా లేచింది, తర్వాత పూర్తిగా లేచి వంకీ తిరిగింది. ఆ వంకీ చూసి మా ఆయన ఇసకలోనే ఫొటో తీసి కుటుంబ గ్రూపులో పెట్టారు.

ఒకటో ఫ్లోర్ వాళ్ల బ్రూనో చేసిన సాయం కూడా చెప్పాలి. ముసలి లాబ్రడార్, పక్కనే పిడుగు పడినా "ఏంటంట?" అన్నట్టు చూస్తాడు. కాలనీ లోపలి నడక మళ్లీ మొదలుపెట్టినప్పుడు బ్రూనో ముందు, మావాడు వెనక. నెమ్మదైన కుక్క పక్కనుంటే భయస్తుడైన కుక్క దాన్ని చూసి కుదుటపడుతుంది. తోడు కుక్క కూడా పిరికిదైతే మాత్రం ఇద్దరూ కలిసి ఒకళ్లనొకళ్లు రెచ్చగొట్టుకుంటారు, అది చూసుకోవాలి. వీధికుక్కలతో ఇంకో తలనొప్పి. తోక ముడుచుకుని వంగి నడిచే కుక్కని చూస్తే మా సెక్టార్ చివర ఉండే గుంపుకి లోకువ, మీదకి వచ్చేవి. వాటికి దూరంగా ఒక గుప్పెడు బిస్కెట్లు విసిరి, అవి తినేలోపు మేం తప్పుకునేవాళ్లం. జంతుప్రేమా, లంచమా అంటే రెండూ.

తిన్నగా బాగుపడిపోయాడనుకోకండి. డిసెంబర్‌లో ఒకరోజు అంతా బాగున్నప్పుడు పక్కనుంచి ఒక బుల్లెట్ బండి సైలెన్సర్‌తో ఢామ్మనిపించుకుంటూ పోయింది. ఆ సైలెన్సర్లు పోలీసులు పీకి రోడ్డు రోలరు కింద తొక్కిస్తుంటే పేపర్లో ఫొటో చూసి నేనెంత సంతోషించానో చెప్పలేను. జున్ను గోడకి అతుక్కుపోయాడు. అప్పుడు నేను చూసింది ఎంత భయపడ్డాడని కాదు, ఎంతసేపట్లో తేరుకున్నాడని. నవంబర్‌లో అయితే ఆ రోజంతా మంచం కిందే. ఈసారి గోడ దగ్గర కాసేపు నిలబడి, ఒళ్లు ఒక్కసారి తల నుంచి తోక దాకా విదిలించి, పక్కనున్న స్తంభం వాసన చూశాడు. ఇచ్చిన ముక్క నమిలి మింగాడు. ఉలిక్కిపడటం అసలు మానాలంటే ఏ కుక్కా మానదు, మనమే మానం. మర్నాడు, ఆ పైమర్నాడు మాత్రం రోడ్డు మీదకి తీసుకెళ్లకుండా బీచ్‌తో సరిపెట్టాను.

వైజాగ్‌లో ఉండేవాళ్లకి ఇంకో ప్రత్యేకమైన కష్టం ఉంది, నేవీ వాళ్ల విన్యాసాలు. మామూలుగా డిసెంబర్ 4న నేవీ డే. 2024లో పెద్ద వేడుక పూరీకి వెళ్లిపోయింది, హమ్మయ్య అనుకున్నాం. తీరా చూస్తే 2025 జనవరి 4న ఆర్కే బీచ్‌లో మనకీ పెట్టారు, దానికి ముందు రిహార్సల్స్. నాకు నేవీ అంటే గౌరవమే, చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని చూసినదాన్నే. కానీ యుద్ధవిమానం ఇంటి మీదుగా పోతే కార్జం ముక్క ఏం చేస్తుంది? ఆ రోజుల్లో సాయంత్రం వాకింగ్ లేదు. రిహార్సల్ వేళలు పేపర్లో చూసుకుని, దానికి బాగా ముందే బయటి పనులన్నీ ముగించుకుని, లోపలి గదిలో ఫ్యాన్ ఫుల్లుగా పెట్టి, తలుపులు మూసి, టీవీలో ఏదో ఒకటి పెట్టి కూర్చున్నాం. తట్టుకోలేని చప్పుడు వస్తుందని ముందే తెలిసినప్పుడు దాన్ని తప్పించడం పిరికితనమేమీ కాదు.

మందుల మాటకి వస్తే, ఈ ఏడాది వేసాం. భయం తగ్గించడానికి ట్రాజొడోన్, గాబాపెంటిన్ లాంటివి డాక్టర్లు ఇస్తుంటారు, మావాడికీ అందులో ఒకటి. పండగకి వారాల ముందే, ఏ చప్పుడూ లేని ఒక ఆదివారం ఒకసారి వేసి చూడమన్నారు, కుక్కకి ఎలా పడుతుందో, ఎంతసేపు ఉంటుందో తెలియడానికి. పాతకాలం అలవాటుగా ఎవరైనా ఎసిప్రొమజీన్ అనే మత్తు మందు ఒక్కటే రాసిస్తే ఇంకోసారి అడగండి. అది ఒంటిని కదలనివ్వదు గానీ లోపలి భయాన్ని తగ్గించదు. చూసేవాళ్లకి ప్రశాంతంగా పడుకున్నట్టు ఉంటుంది, కుక్క మాత్రం కదల్లేక భయపడుతూ ఉంటుంది.

ఈసారి దసరా నుంచే జాగ్రత్త పడ్డాం, ఎందుకంటే పిల్లలు శాంపిల్ చూడటం అప్పటినుంచే మొదలవుతుంది. సుప్రీంకోర్టు 2018లో దీపావళి రోజు రాత్రి 8 నుంచి 10 లోపే కాల్చాలని చెప్పింది. మా వీధిలో ఆ సంగతి నేను తప్ప ఎవరూ చదివినట్టు లేరు. కాబట్టి ఆఖరి వాకింగ్ మధ్యాహ్నం మూడున్నరకే. వెనక సందు పిల్లల్ని కూడా నేనే వెళ్లి అడిగాను, "డబ్బాలు పెట్టకండర్రా, కాల్చుకుంటే మెయిన్ రోడ్డు వైపు కాల్చుకోండి" అని. చిచ్చుబుడ్లూ కాకరపువ్వొత్తులూ ఎన్నయినా కాల్చుకోమన్నాను. ఇద్దరు ముగ్గురు విన్నారు, అదీ ఎక్కువే. దీపావళి నాడు, అక్టోబర్ 20 రాత్రి జున్ను బాత్రూం గుమ్మం దగ్గర పడుకున్నాడు, వణకలేదని చెప్పను, పెరుగన్నం మాత్రం తిన్నాడు. తెల్లారి బయటికి తీసుకెళ్లలేదు. రోడ్డంతా కాలిన కాగితాలు, మందు పొడి, వాటిని కుక్క నాకితే అదో ప్రమాదం, ఊడ్చేదాకా ఆగాం. చవితి వెళ్లిందో లేదో మొంథా తుఫాను గాలి, తలుపులన్నీ దబదబా. అదీ గడిచాక చూస్తే లిఫ్ట్ ముందు గ్రానైట్ పొడిగా ఉంది, గేటు తీస్తే వాడు నాకంటే ముందు ర్యాంపు దిగాడు.

వెనక సందులోకి మాత్రం ఇప్పటికీ రాడు. మలుపు దగ్గర ఆగి నా మొహం చూస్తాడు, మేం చుట్టూ తిరిగి కొట్టుకి వెళ్తాం. "మరి అది కూడా అలవాటు చెయ్యాలి కదా" అని మూడో ఫ్లోర్ అంకుల్. ఎందుకండీ? ఆ సందులో మాకేం పని?

డోసులు మాత్రం నన్ను అడగొద్దు, మీ కుక్క బరువు, గుండె, కిడ్నీలు చూసిన డాక్టర్ని అడగండి, మన ఇళ్లల్లో ఉండే నిద్రమాత్రలు సగం విరిచి వెయ్యొద్దు. హార్నెస్ ఏ కంపెనీదని అడిగేవాళ్లకి, ఏదైనా ఒకటే, పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లు దూరాలి, మూడు దూరితే వదులు. కొట్టుకి కుక్కని తీసుకెళ్లి వేసి చూసి కొనండి, మావాడికి ఆన్‌లైన్లో తెప్పించిన మొదటిది ఇప్పుడు బ్రూనో వేసుకుంటున్నాడు.